హన్మకొండ నుంచి బ్రాంప్టన్: కరెంటు పనిలో చేరాలనుకుంటున్నాను, ఎక్కడ మొదలుపెట్టాలి?

అందరికీ నమస్కారం. మాది హన్మకొండ. వరంగల్‌లో ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి, మా మేనమామ ఇళ్ల వైరింగ్ కాంట్రాక్టులు తీసుకుంటే ఆయన దగ్గర పనిచేశాను. గోడకు గాడి కొట్టి పైపులు వేయడం, తీగలు లాగడం, బోర్డు బిగించడం వచ్చు. మా వారి ఉద్యోగం వల్ల కెనడాలోని బ్రాంప్టన్ వచ్చాం, నాకు ఓపెన్ వర్క్ పర్మిట్ ఉంది, అంటే ఫలానా యజమాని దగ్గరే చేయాలని లేదు. ఇక్కడ ఎవరిని అడిగినా డేకేర్‌లోనో దుకాణంలోనో చేరమంటున్నారు. ఒక కాంట్రాక్టర్ మాత్రం సైటు శుభ్రం చేయడానికి హెల్పర్‌గా రమ్మన్నాడు. పని నచ్చితే తర్వాత కరెంటు పని నేర్పిస్తానంటున్నాడు. చేరమంటారా?

పరకాల – ప్రస్తుతం హామిల్టన్

చెల్లీ, చేరవద్దు. పొద్దున్నే అడ్డా మీద నిలబడే మన ఆడవాళ్లను చూసే ఉంటావు. ఇసుక జల్లించేది, మాలు అందించేది, తట్టలు మోసేది వాళ్లే. మేస్త్రీ పక్కన జీవితమంతా నిలబడినా తాపీ మాత్రం చేతికి రాదు. కూలి కూడా మగవాళ్లకంటే తక్కువే. దేశం మారినంత మాత్రాన ఆ లెక్క దానంతటదే మారదు. చీపురుతో చేరిన మనిషికి పిలిచి కటింగ్ ప్లేయర్ చేతిలో పెట్టేవాళ్లు అరుదు.

పైగా మనం ఉంటున్న ఈ ఒంటారియో రాష్ట్రంలో సర్టిఫికెట్ ఉన్నవారో, రిజిస్టరైన అప్రెంటిసో (జీతం మీద పని నేర్చుకునేవారు) తప్ప మిగతావారు ఎలక్ట్రీషియన్ పని చేయకూడదు. అతనికి నిజంగా నేర్పాలని ఉంటే మొదటి రోజే నిన్ను అప్రెంటిస్‌గా రిజిస్టర్ చేయించాలి. ఆ మాట అడిగి చూడు. నీళ్లు నమిలితే అక్కడితో వదిలెయ్యి.

నీకు కావలసింది 309ఏ అనే నిర్మాణ, మరమ్మతు ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌షిప్. మొత్తం 9,000 గంటలు. అందులో 840 గంటలు కాలేజీలో విడతలుగా తరగతులు, మిగతాదంతా జీతంతో సైటులో పని. జీతం పూర్తి స్థాయి ఎలక్ట్రీషియన్ జీతంలో కొంత శాతంతో మొదలై దశ దశకూ పెరుగుతుంది. నిన్ను స్పాన్సర్ చేయడానికి ఒక యజమానిగానీ యూనియన్‌గానీ కావాలి. అసలు కష్టమంతా అక్కడే. స్పాన్సర్ దొరక్కపోతే ప్రీ-అప్రెంటిస్‌షిప్ కోర్సులు (అప్రెంటిస్‌గా చేరకముందు చేసేవి) ఉంటాయి, ఫీజు లేదు, చివర కొన్ని వారాలు సైటులో పని ఇప్పిస్తారు. ఆడవాళ్ల కోసమే నడిపేవి కూడా ఉంటాయి, వాటికి ముందు దరఖాస్తు పెట్టు. మన ఐటీఐ సర్టిఫికెట్, మీ మామయ్య దగ్గర చేసిన పని వృథా కావు. ఇక్కడ ఈ పనుల సర్టిఫికెట్లు చూసే స్కిల్డ్ ట్రేడ్స్ ఒంటారియో సంస్థ వాళ్లు బయటి అనుభవాన్ని అంచనా వేస్తారు. నేరుగా సర్టిఫికెట్ పరీక్షకు పంపినా పంపకపోయినా, కాగితాలు చేతిలో ఉంటే యజమాని దగ్గర నీ మాటకు బరువుంటుంది.

ఇక ప్రాణం మీదికి తెచ్చే సంగతి. మన దగ్గర ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్. ఇక్కడ నలుపే ఫేజు! ఎరుపు, నీలం కూడా ఫేజులే. తెలుపు న్యూట్రల్, ఆకుపచ్చగానీ ఉత్త రాగి తీగగానీ ఎర్త్. నీకు పని ఎంత బాగా వస్తే ప్రమాదం అంత ఎక్కువ, ఎందుకంటే చెయ్యి అలవాటుగా నలుపు మీదికి వెళుతుంది. తెల్ల తీగనూ నమ్మకు, పాత ఇళ్లలో స్విచ్ దగ్గర తెలుపులోనే ఫేజు వచ్చే చోట్లున్నాయి. ముందు కరెంటు ఉన్నట్టు తెలిసిన చోట వోల్టేజి చూసే మీటరు పెట్టి చూడు, తర్వాత నీ తీగ మీద పెట్టు, మళ్లీ మొదటి చోట పెట్టి మీటరు చావలేదని రూఢి చేసుకో. ఇక్కడ ఇళ్లలో 120, 240 వోల్టులు. 120 అంటే మన 230లో సగమే కదా అని ధీమా వద్దు, అదీ చంపుతుంది.

గోదావరిఖని – ప్రస్తుతం స్కార్‌బరో

చెల్లెమ్మా, మా నాన్న సింగరేణిలో బాయి పని చేసినవారు, హెల్మెట్ లేకుండా లోపలికి దిగడమంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. నేను ఇక్కడ సైటులో ఫోర్‌మన్‌ను. బూట్ల మీద ఆకుపచ్చ త్రికోణం గుర్తు చూసి కొనండి. అంటే ముందు భాగంలో గట్టి తొడుగు, అడుగున మేకు దిగని పలక ఉన్నట్టు. మగవాళ్ల కొలత చేతి తొడుగులు, జీను (ఎత్తు నుంచి పడకుండా ఒంటికి కట్టుకునే పట్టీలు, హార్నెస్) ఇచ్చి సర్దుకోమంటే ఒప్పుకోవద్దు. వదులు జీను మనిషిని ఆపదు. మీకు సరిపోయేది ఇవ్వడం వాళ్ల బాధ్యత. 2023 జూలై 1 నుంచి పెద్ద సైటుల్లో ఆడవాళ్లకు విడిగా మరుగుదొడ్డి ఉండాలన్న నిబంధన కూడా వచ్చింది. ఎత్తు మీద పనికి శిక్షణ తప్పనిసరి, ఆ కార్డు మూడేళ్లు చెల్లుతుంది. ప్రమాదమనిపించిన పని చేయనని చెప్పే హక్కు చట్టంలోనే ఉంది. అందుకు కోపగించే ఫోర్‌మన్లు ఉన్నారు, ఉండనివ్వండి.

నర్సంపేట – ప్రస్తుతం మిస్సిసాగా

మగవాళ్లకు తట్టని విషయం నేను చెబుతాను. పుస్తెలతాడు, గాజులు, ఉంగరం తీసి ఇంట్లో పెట్టి వెళ్లు. ప్యానెల్ మీదికి వంగినప్పుడు బంగారం వేలాడితే మంచి వాహకమే కదా! ఆ గట్టి బూట్లలో మెట్టెలు కూడా సాయంత్రానికి వేలు ఒరిపిస్తాయి. అత్తగారు వీడియో కాల్‌లో బోసి మెడ చూసి అడిగితే ముందే చెప్పి ఉంచడం నయం. మా ఇంట్లో పసుపు తాడుతో సంధి కుదిరింది.

జగిత్యాల – ప్రస్తుతం బ్రాంప్టన్

ఒక్క మాట. ఉద్యోగం ఇప్పిస్తా, స్పాన్సర్ చేయిస్తా అని డబ్బు అడిగితే ఇవ్వకండి. మా వైపు గల్ఫ్ ఏజెంట్ల చేతిలో పొలాలు పోయిన ఇళ్లు ఎన్నో. ఒంటారియోలో విదేశీ కార్మికుల దగ్గర నియామకం కోసం డబ్బు తీసుకోవడమే చట్ట విరుద్ధం.

హన్మకొండ – ప్రస్తుతం బ్రాంప్టన్

అందరికీ ధన్యవాదాలు. కాంట్రాక్టర్‌ను రిజిస్ట్రేషన్ గురించి అడిగాను, చూద్దాం అన్నాడు. వదిలేశాను. నా అనుభవం గురించి రాసివ్వడానికి మామయ్య దగ్గర లెటర్‌హెడ్ లేదట, బిల్లు పుస్తకాలు మాత్రం ఉన్నాయట. అవి పనికొస్తాయా అక్కా?

పరకాల – ప్రస్తుతం హామిల్టన్

అవి మాత్రమే సరిపోవు, అయినా పారేయనివ్వకు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చేశావు, వారానికి ఎన్ని గంటలు, ఏయే పనులు అని విడివిడిగా రాసి మామయ్య సంతకం, ఫోను నంబరు పెట్టించు. బాగా పని నేర్చుకుంది, మంచి అమ్మాయి అని రాసిస్తే ఇక్కడ ఎవరూ చూడరు. తెలుగులో ఉన్న కాగితాలకు సర్టిఫైడ్ అనువాదం చేయించు.