అప్‌డేట్: మేడ మీద 20×30 షెడ్డుకు స్క్రూలు పైకి కనిపించే రేకులే ఖాయం చేశాం

మేడ మీద షెడ్డుకు స్క్రూలు కనిపించే కలర్ రేకులా, లాక్ పడే రకమా (అంచులు ఒకదానిలో ఒకటి బిగిసి, స్క్రూలు పైకి కనిపించనివి) అని ఇంతకుముందు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. షెడ్డుకు మొదటి రకమే చాలనిపించింది: ధర తక్కువ, ఊళ్లో మేస్త్రీలకు అలవాటైన పని, పాడైన రేకును విడిగా మార్చుకోవచ్చు. కింద గదులున్న ఇంటి కప్పైతే మాత్రం లాక్ రకమే మేలు.

ఒకవైపు వాలు, 20 అడుగులకు మూడున్నర అడుగుల ఎత్తు. 21 అడుగుల రేకు ఒకే ముక్కగా తెప్పిస్తే మధ్యలో అతుకు ఉండదు. పక్క రేకు మీదికి ఎక్కే అంచు పోను ఒక్కో రేకు కప్పే వెడల్పు మీటరు కాబట్టి 30 అడుగులకు 10 రేకులు. మందం 0.50 మి.మీ.; అది పెయింటుతో కలిపా, ఉక్కు మాత్రమేనా అన్నది బిల్లులో రాయించండి, తేడా అక్కడే వస్తుంది.

అసలు సంగతి స్క్రూలది. నీళ్లు పారేది రేకు పల్లంలో కాబట్టి పైకి లేచిన గట్టు మీదే కొట్టించాలి, పొడవు 55 మి.మీ. స్క్రూ తల కింద ఉండే ఈపీడీఎం (ఒక రకం రబ్బరు) వాషర్ కొద్దిగా నొక్కుకుంటే చాలు. బయటికి ఉబ్బితే బిగువు ఎక్కువైనట్టు, గట్టు కూడా సొట్టపడుతుంది. బిగించాక కూడా వాషర్ తిరుగుతుంటే నీళ్లు కారతాయి. ఎండకు 6 మీటర్ల రేకు 40 డిగ్రీల తేడాలో దాదాపు 3 మి.మీ. సాగుతుంది. ఏళ్ల తరబడి ఆ కదలికకే రంధ్రాలు వదులవుతాయి. అప్పుడు ఒక సైజు లావు స్క్రూ వేయాలి, సీలెంట్ పూసి వదిలేయకూడదు.

గ్రైండర్‌తో కోయనివ్వొద్దు, నిప్పురవ్వలకు పూత కాలుతుంది. డ్రిల్లు రజను అదే రోజు ఊడ్చేయాలి, లేకపోతే తుప్పు మచ్చలు పడతాయి. రెండు రేకులు పక్కపక్కన కలిసే అతుకు నోరు (పైరేకు తెరిచి ఉన్న అంచు) గాలివాన వచ్చే దిక్కుకు ఉండకూడదు.