హాస్టల్లో నిద్ర పట్టడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లెటూరు. వైజాగ్‌లో బీటెక్ చేరి 3 వారాలైంది. రాత్రి రెండింటిదాకా ఫోన్, పొద్దున టిఫిన్ మానేసి క్లాసుకి పరుగు. అమ్మ ఫోన్ చేస్తే గొంతు పూడుకుపోతోంది.

ఫైనలియర్ అక్క: తమ్ముడూ, నా మొదటి సెమిస్టరూ అంతే. ఫోన్ తలగడ పక్కన కాకుండా బీరువా మీద ఛార్జింగ్ పెట్టాను. వారానికల్లా పదకొండున్నరకే నిద్ర పట్టేది. టిఫిన్ మాత్రం మానకు. ఇంకోటి, అమ్మ పంపిన సున్నుండల డబ్బా పక్క గదికి పట్టుకెళ్లు. నా ఇద్దరు ప్రాణ స్నేహితులూ అలా దొరికినవాళ్లే, మినప సున్ని చేతికంటిన ఆ సాయంత్రమే.

ఇంకొకరు: సాయంత్రం బీచ్‌రోడ్డు మీద అరగంట నడువు. టెన్షన్ తగ్గకపోతే 14416కి ఫోన్ చెయ్యి, అది టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు, అర్ధరాత్రైనా సరే.

అడిగినవాడు: అక్కా, డబ్బాలో ఇంకా తొమ్మిదున్నాయి. ఇప్పుడే వెళ్తున్నా.