20 నెలల బాబు, ఐదారు మాటలే: ఆగి చూడాలా, ఇప్పుడే చూపించాలా?

బుజ్జిగాడి అమ్మ

బాబుకి 20 నెలలు నిండాయి. అమ్మ, తాత, బువ్వ, బౌబౌ, టాటా... ఇంతే మాటలు. మేమిద్దరం ఉదయం 9కి వెళ్తే సాయంత్రం 7కి వస్తాం. పగలంతా మా అత్తగారు చూసుకుంటారు. మూడు పూటలా ఫోను పెడితేనే తింటాడు. ఇంట్లో తెలుగు, పనమ్మాయిది హిందీ, ఫోనులో ఇంగ్లిష్ రైమ్స్. ఏబీసీడీ సగం పాడతాడు గానీ, నీళ్లు కావాలంటే చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్తాడు. "మగపిల్లలకి ఆలస్యమే, వాళ్ల నాన్నకీ మూడేళ్లకే వచ్చాయి" అంటున్నారు. ఆగవచ్చా? మూడు భాషల వల్లేనా? అత్తగారిని నొప్పించకుండా ఫోను ఎలా మానిపించాలి?

పిల్లల డాక్టర్, ఓపీ మధ్యలో

ఊరికే ఆగొద్దు. పరీక్షలు ఒక పక్క, ఇంట్లో పని ఒక పక్క ఈ వారమే మొదలుపెట్టండి.

మొదట చెవి. వెనక నుంచి చప్పట్లు కొడితే తిరిగాడు కదా అని వినికిడి బాగుందనుకోవద్దు. చప్పట్లో అన్ని రకాల ధ్వనులూ ఉంటాయి. స, ష లాంటి సన్నటి శబ్దాలు అందని పిల్లవాడు కూడా చప్పట్లకు తిరుగుతాడు. తరచూ జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరి, కొన్నాళ్లు బాగా వినపడి కొన్నాళ్లు మందగిస్తుంది. కర్ణభేరి ఎలా కదులుతోందో చూసే టింపనోమెట్రీ పరీక్ష దాన్ని పట్టిస్తుంది. శబ్దానికి లోపలి చెవి ఎలా స్పందిస్తోందో చూసే ఓఏఈ పరీక్ష కొద్ది నిమిషాల పని. పుట్టినప్పుడు ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ) ఉన్నా, పసికామెర్లు బాగా ముదిరి రక్తం మార్చాల్సి వచ్చినా ఓఏఈ ఒక్కటే చాలదు, చెవి నరం శబ్దాన్ని మెదడుకు చేరవేస్తోందా అని చూసే బెరా పరీక్ష కూడా చేయించాలి. ఓఏఈ లోపలి చెవి దాకానే చూస్తుంది, అక్కణ్ణుంచి మెదడుకు వెళ్లే నరాన్ని చూడదు. బెరా నిద్రలో చేస్తారు కాబట్టి ఆ రోజు ముందుగా నిద్రపోనివ్వకండి. నిద్రమందు ఇస్తామంటే ఎన్ని గంటల ముందు నుంచి ఏమీ పెట్టకూడదో ముందే అడిగి తెలుసుకోండి.

ఇక మాటల కంటే ముందు చూడాల్సినవి. పేరు పెట్టి పిలిస్తే తలెత్తుతాడా? వేలు పెట్టి చూపిస్తాడా? కావాల్సిన దానికే కాదు, పైన విమానం పోతుంటే "చూడు" అన్నట్టు మీకు చూపిస్తాడా? ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్లినప్పుడు మీ ముఖంలోకి చూస్తాడా, లేక మీ చేతిని గరిటె వాడినట్టు వాడుకుంటాడా? మీ ప్రశ్న మొత్తంలో నాకు ముఖ్యంగా కనపడింది ఆ ఫ్రిజ్ సంగతే. 16 నుంచి 30 నెలల పిల్లల్లో ఆటిజం లక్షణాలున్నాయేమో చూడడానికి ఎంచాట్-ఆర్ అని 20 ప్రశ్నల పత్రం ఉంది. మార్కులు 2 దాకా వస్తే ముప్పు తక్కువ, 3 నుంచి 7 వస్తే మరో విడత ప్రశ్నలు అడుగుతారు, 8 గానీ అంతకు మించి గానీ వస్తే నేరుగా నిపుణుల దగ్గరికి పంపుతారు. అది జల్లెడ మాత్రమే. ఆటిజం ఉందనీ లేదనీ తేల్చదు.

ఏబీసీడీని మాటల లెక్కలో వేయకండి. అవసరానికి వాడితేనే మాట. బౌబౌ, బువ్వ మాత్రం లెక్కే. 24 నెలలకి "తాత రా", "బువ్వ వద్దు" లాంటి జతలు సొంతంగా రావాలి. వచ్చిన మాటలు పోతున్నాయంటే, వయసెంతైనా సరే, ఆ వారమే చూపించాలి. నాన్నకి ఆలస్యంగా వచ్చాయన్నది ధైర్యం చెప్పే మాటేం కాదు. ఇంట్లో ఇంకొకరికి ఆలస్యమైందంటే మరింత ముందుగా చూడమనే మేం అంటాం.

మాటసాయం (స్పీచ్ థెరపీ)

భాషల వల్ల కాదు. రెండు మూడు భాషలు విన్నంత మాత్రాన మాట ఆలస్యం కాదు. "నీళ్లు", "పానీ" రెండూ అంటే రెండు మాటలుగా లెక్కేయండి. పిల్లాడితో అత్తగారిని ఇంగ్లిష్‌లో మాట్లాడమనే ఇళ్లు కొన్ని ఉన్నాయి, ఆ పని మాత్రం చేయకండి. ఎవరికి ఏ భాష ధారగా వస్తే అందులోనే మాట్లాడాలి.

ఫోనుతో చిక్కు అందులోని ఇంగ్లిష్ కాదు, అది ఊ కొట్టదు. 2003లో పిల్లల భాష మీద పరిశోధించే పాట్రీషియా కూల్ బృందం అమెరికాలో 9 నెలల పిల్లలకి 12 విడతలు చైనా భాష మాండరిన్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడించిన పిల్లలు ఆ భాషలోని ధ్వనుల తేడా పట్టుకున్నారు. అదే వీడియోలో చూసినవాళ్లు పట్టుకోలేకపోయారు. పిల్లాడు ఏదో అంటాడు, మనం దానికి బదులిస్తాం, వాడు మళ్లీ అంటాడు. ఎన్ని మాటలు చెవిన పడ్డాయన్నది కాదు, ఈ వంతులు ఎన్ని తిరిగాయన్నది చూడండి. పూటకి అరగంట చొప్పున మూడు పూటలంటే రోజుకి గంటన్నర ఎదురెదురు ముఖాలు. మీ ఇంట్లో ఆ గంటన్నర ఫోనుకి పోతోంది.

మూడు పూటలా ఒకేసారి మాన్పించొద్దు, ఇల్లు రణరంగమవుతుంది. మీరు ఇంట్లో ఉండే రాత్రి పూటతో మొదలుపెట్టండి. తిండికీ తిండికీ మధ్య రెండున్నర, మూడు గంటలు బిస్కెట్లూ పాలూ లేకుండా చూడండి. రోజుకి పాలు అరలీటరు దాటితే అన్నానికి ఆకలే ఉండదు. ఫోను కనపడని గదిలో, టీవీ కట్టేసి, కిందే కూర్చోబెట్టి మీరు ఎదురుగా కూర్చోండి. పక్కన కాదు, ఎదురుగా. ఇడ్లీ ముక్కలు, చిన్న పప్పన్నం ముద్దలు వాడి పళ్లెంలో పెట్టి చేత్తో తిననివ్వండి. ఒంటికి పూసుకుంటాడు, పూసుకోనివ్వండి. అరగంటయ్యాక తిన్నా తినకపోయినా పళ్లెం తీసేయండి. మొదటి మూడు నాలుగు రోజులు తక్కువ తింటాడు, ఏడుస్తాడు. నాలుగో రోజున జాలిపడి ఫోనిస్తే, నాలుగు రోజులు ఏడిస్తే వస్తుందని నేర్చుకుంటాడు. పెద్దవాళ్లు సాధారణంగా అక్కడే ఓడిపోతారు.

మాట సంగతికొస్తే, "ఇదేంటి? ఇదేంటి?" అని పరీక్ష పెట్టకండి. ఒక ప్రశ్న అడిగితే మూడు నాలుగు మాటలు మీరే చెప్పాలి. వాడు దేన్ని చూస్తున్నాడో దాని పేరే చెప్పండి. మన తెలుగు ఇళ్లలో ఒక అలవాటుంది: "అదిటివ్వు", "దాన్నక్కడ పెట్టు". ఇలా అంటే గిన్నె పేరు గిన్నెకి అంటుకోదు. "గిన్నె ఇవ్వు", "గిన్నెలో బువ్వ", "గిన్నె కింద పడింది" అనండి. వాడు "బౌబౌ" అంటే "బౌబౌ వచ్చింది" అని ఒక్క మాట కలపండి, ఉపన్యాసం వద్దు. ఏదైనా అడిగాక మనసులో ఐదు దాకా లెక్కపెట్టి ఆగండి. పెద్దవాళ్లకి ఇదే అన్నిటికంటే కష్టం, రెండు లెక్కపెట్టేలోపే తామే జవాబు చెప్పేస్తారు.

అడగకముందే అన్నీ అందించడం కూడా మానాలి. అరటిపండు, బిస్కెట్టు రెండు చేతుల్లో పట్టుకుని "పండా? బిస్కెట్టా?" అనండి. చూపు, వేలు, సగం శబ్దం, ఏది వచ్చినా వెంటనే ఇచ్చేయండి, ఇస్తూ పేరు చెప్పండి. "మాట అంటేనే ఇస్తా" అని బిగిస్తే మాటంటేనే తగాదా అనుకుంటాడు.

అంగన్‌వాడీ సూపర్‌వైజర్

మూడో ప్రశ్నకి నేను చెబుతాను. అత్తగారి చేతికి ఫోను ఎందుకొచ్చిందో ముందు చూడండి. ఆ వయసులో మోకాళ్లతో రోజుకి పది గంటలు ఇరవై నెలల పిల్లాడి వెనక పరుగెత్తడం మామూలు పని కాదు. ఫోను ఆమెకి దొరికే విశ్రాంతి. దానికి బదులు చూపించకుండా లాక్కుంటే మీరు ఆఫీసుకెళ్లగానే మళ్లీ వస్తుంది. మధ్యాహ్నం పనమ్మాయికి ఇంకో గంట జీతమిచ్చి పిల్లాణ్ణి ఆడించమనండి, అత్తగారు నడుం వాల్చుకుంటారు.

చెప్పేది కోడలు కాకుండా కొడుకు చెబితే మంచిది. "నీ వల్లే" అన్న మాట ఏ రూపంలోనూ రాకూడదు. థెరపిస్టు దగ్గరికి ఆవిడనే తీసుకెళ్లండి, అక్కడ విన్నది ఇంట్లో పది చర్చలకి సమానం. దోబూచులు, ఉప్పుమూట, గోరుముద్దలు పెడుతూ కాకమ్మని పిలవడం ఇవన్నీ ఆవిడకి వచ్చినవే. పైన థెరపిస్టు చెప్పిన వంతులాట అదే.

ఖర్చు ఇబ్బందైతే 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం కింద, పిల్లల ఎదుగుదల ఇబ్బందులను ముందే పట్టి సాయం చేసే డీఈఐసీ కేంద్రాలున్నాయి, జిల్లా ఆసుపత్రిలో అడగండి. మీ అంగన్‌వాడీ నుంచి కూడా పంపిస్తారు. హైదరాబాద్ దగ్గరైతే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది.

బుజ్జిగాడి అమ్మ

ముఖంలోకి చూస్తాడు, నవ్వుతాడు కూడా. విమానం మాత్రం చూపించడు. చెవి పరీక్ష శనివారానికి పెట్టించాం. ఇంకొకటి: మా అమ్మ ఊళ్లో ఉంటుంది, రోజూ వీడియో కాల్ చేస్తుంది. అదీ ఆపాలా?

మాటసాయం (స్పీచ్ థెరపీ)

అక్కర్లేదు. అటువైపు మనిషి బదులిస్తుంది కాబట్టి కాల్ వేరు, రైమ్స్ వేరు. కాకపోతే ఫోను వాడి చేతికివ్వకుండా గోడకి ఆనించి, మీరు పక్కన కూర్చోండి. అమ్మమ్మ బంతి చూపిస్తే మీ దగ్గరున్న బంతి వాడి చేతిలో పెట్టండి. ఐదు పది నిమిషాలు చాలు, అన్నం వేళ వద్దు.

విమానం చూపించడన్న సంగతి శనివారం డాక్టరుకి తప్పకుండా చెప్పండి. రెండు నిమిషాల వీడియోలు రెండు తీసుకెళ్లండి: ఒకటి వాడు ఒంటరిగా ఆడుతున్నది, ఇంకొకటి నానమ్మతో ఆడుతున్నది. ఆసుపత్రిలో బెదిరి ముడుచుకుపోయిన పిల్లాణ్ణి చూసి ఎవరూ ఏమీ తేల్చలేరు.