‘క్రిటికల్లీ డిస్కస్’ అంటే విమర్శించమనేనా?

ప్రశ్న: ఇంగ్లీషులో చదివే విదేశీ విద్యార్థుల అసైన్‌మెంట్లలో ‘క్రిటికల్లీ డిస్కస్’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. ‘విమర్శించండి’ అని అర్థం చెబితే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. వాడుకలో విమర్శ అంటే తప్పులెన్నడమే అయిపోయింది. అసలు అర్థం పరిశీలన. ‘సాహిత్య విమర్శ’లో అది ఇంకా బతికే ఉంది. ‘క్రిటిక్’ కూడా వేరుచేసి తీర్పు చెప్పడమనే గ్రీకు క్రియ నుంచి వచ్చిందే. ‘గుణదోషాలు తూచి, మీ నిర్ణయం చెప్పండి’ అంటే దగ్గరగా ఉంటుంది.

మరో జవాబు: అర్థం తెలిసినా రాతలో దెబ్బతింటారు. పెద్ద పండితుల మాటను ప్రశ్నించడం మర్యాద కాదనుకుని, ఫలానావారు ఇలా అన్నారు, ఫలానావారు అలా అన్నారు అని ఒప్పజెప్పేస్తారు. మార్జిన్‌లో ‘టూ డిస్క్రిప్టివ్’ (మరీ వర్ణనగా ఉంది) అని పడుతుంది. అది మెచ్చుకోలు కాదు, మీ తీర్పు ఎక్కడా కనబడలేదని చెప్పడం. 1500 పదాల వ్యాసమైతే నేపథ్యాన్ని 300 దాటనివ్వకండి. పేరాకో వాదన పెట్టి, దాని ఆధారం చూపి, ఆ ఆధారం ఎంతవరకు చెల్లుతుందో చెప్పి, ప్రశ్నకు దానివల్ల ఏం తేలిందో రాయాలి. చెల్లుబాటు సంగతే చాలామంది వదిలేస్తారు, మార్కులు పోయేదీ అక్కడే.

‘ఈ సర్వేలో నిద్ర తక్కువున్నవాళ్లకు మార్కులు తక్కువ వచ్చాయి’ అంటే వర్ణన. ‘నిద్ర, మార్కులు రెండూ ఒక్కసారే అడిగారు కాబట్టి ఏది దేనికి కారణమో ఈ సర్వే తేల్చలేదు’ అంటే క్రిటికల్. ఇందులో ఎవరినీ కించపరచలేదు, గమనించండి.

ఇంకొకరు: మన శాస్త్రచర్చల్లో పూర్వపక్షం (ఎదుటివారి వాదం), సిద్ధాంతం (చివరికి మనం తేల్చే నిర్ణయం) అన్నదీ ఇదే కదండీ? ఎదుటివారి వాదాన్ని గట్టిగా నిలబెట్టాకే ఖండన.

జవాబు: చక్కటి పోలిక. ఎదుటి వాదాన్ని బలహీనం చేసి చెబితే ఇంగ్లీషు వ్యాసంలోనూ మార్కులు రావు. వరసలోనే తేడా. అక్కడ సిద్ధాంతం పూర్వపక్షం తర్వాత వస్తుంది, ఇక్కడ మొదటి పేరాలోనే చెప్పేయాలి. ఆఖరిదాకా దాచిపెడితే దిద్దేవారు అసలు వాదనే లేదనుకుంటారు.

ప్రశ్న అడిగినవారు: మొదట్లోనే తేల్చి చెప్పేస్తే అహంకారంగా ఉండదా?

జవాబు: క్రియ చూసి వాడితే ఉండదండీ. ఒక్క అధ్యయనమే ఆధారమైతే ‘ప్రూవ్స్’ అనకండి, ‘సజెస్ట్స్’ అనండి. మనం ‘అనిపిస్తోంది’, ‘కావచ్చు’ అనడం లాంటిదే. అలాగని వాక్యానికి రెండు మూడు ‘మే’, ‘పర్‌హాప్స్’ పేర్చినా వాదన నీరుగారిపోతుంది, ఒక్కటి చాలు.