‘ఆరెంజ్ వైన్’ను తెలుగులో ఏమనాలి? రంగును బట్టియా, ఊరిన తీరును బట్టియా?

ప్రశ్న: తెల్ల ద్రాక్షను తొక్కలతో సహా పులియబెట్టి తీసే ‘ఆరెంజ్ వైన్’ రుచిని గురించిన వ్యాసాన్ని తెలుగులోకి తెస్తున్నాను. ‘నారింజ వైన్’ అని రాస్తే సరిపోతుందా? రుచి వర్ణనలో మాటిమాటికీ వచ్చే ‘టానిన్’ నోటికి కలిగించే అనుభూతిని ఏ మాటతో చెప్పాలి? పెద్దలు దయచేసి తెలుపగలరు.

సమాధానం: ‘నారింజ వైన్’ వద్దని నా సలహా. తెలుగులో పండు పేరు ముందు నిలిచి, పానీయం పేరు వెనుక వస్తే ఆ పానీయాన్ని ఆ పండుతోనే చేశారని అర్థం చేసుకుంటాము; దానిమ్మ రసం, ద్రాక్షాసవం అన్నప్పుడు మరో అర్థానికి తావు లేదు. మీరు చెప్పే వైన్‌లో నారింజ పండు చుక్కైనా ఉండదు. పైగా నారింజ తొక్కల పరిమళాన్ని నిజంగానే పట్టించిన వైన్లు వేరే ఉన్నాయి. స్పెయిన్‌లోని ఉఎల్వా ప్రాంతపు ‘వినో నరాంహా’ అటువంటిదే. ఇది చాలదన్నట్టు ఆస్ట్రేలియాలో ఆరెంజ్ అనే ఊరు ద్రాక్ష తోటలకు పేరు పొందింది కనుక, అక్కడి వైన్ సీసా మీద ఆ మాట ఊరి పేరుగా కనిపిస్తుంది. రంగునే చెప్పదలిస్తే ‘నారింజరంగు వైన్’ అనడం కొంత మేలు, కాని రంగు కూడా అన్నిటికీ ఒకటి కాదు. కొన్ని లేత బంగారు రంగులోనే ఆగిపోతాయి, కొన్ని తేనె రంగుకు, మరికొన్ని ముదురు రాగి రంగుకు తిరుగుతాయి.

ఆ పేరు పాతది కూడా కాదు. డేవిడ్ హార్వే అనే బ్రిటిష్ వైన్ వర్తకుడు 2004లో, ఎరుపు, తెలుపు, రోజా వైన్ల సరసన నిలబడగల మరో రంగు మాట కావాలని దీనిని ఎంచుకున్నాడు. పద్ధతి మాత్రం ఎంతో ప్రాచీనం. జార్జియా దేశంలో క్వెవ్రి అనే పెద్ద మట్టి కాగును మెడ వరకు భూమిలో పాతి, ద్రాక్ష రసాన్ని తొక్కలు, గింజలు, కొన్ని చోట్ల కాడలతో సహా అందులో పోసి, మూత బిగించి, అయిదారు నెలలు వదిలేస్తారు. ఈ సంప్రదాయాన్ని యునెస్కో 2013లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఇటలీ ఈశాన్యాన ఓస్లావియాలో వైన్ తీసే యోష్కో గ్రావ్నర్ 2000లో జార్జియా వెళ్లి వచ్చి, 2001 పంట నుంచి తన వైన్‌ను అటువంటి కాగులలోనే పులియబెట్టసాగాడు. జార్జియా వారు తమ వైన్‌ను నారింజతో పోల్చరు, ‘అంబర్ రంగు వైన్’ అంటారు; అంబర్ అంటే రాయిలా గట్టిపడిన, తేనె రంగు చెట్టు జిగురు. అక్కడి ఒక ద్రాక్ష రకం పేరు మ్త్స్వానే, అంటే పచ్చనిది. మనమూ బజారులో ‘పచ్చ ద్రాక్ష, నల్ల ద్రాక్ష’ అనే అంటాము గాని ‘తెల్ల ద్రాక్ష’ అనము. వైన్ గురించి రాసేటప్పుడే ఆ తెలుపు వచ్చి చేరింది.

ఇక పేరు సంగతి. సాధారణంగా తెల్ల వైన్ తీసేవారు పళ్లను పిండిన వెంటనే తొక్కలను తీసివేసి, వట్టి రసాన్ని పులియబెడతారు. ఎర్ర వైన్‌లో నల్ల ద్రాక్ష తొక్కలు రసంతోనే ఉండి రంగును దిగనిస్తాయి. పచ్చ ద్రాక్షకు ఈ రెండో పద్ధతిని వర్తింపజేస్తే మీరు అడుగుతున్న వైన్ వస్తుంది. అంటే దీనిని వేరుచేసే గుణం రంగు కాదు, తొక్కలు రసంలో ఎంతకాలం ఉన్నాయన్నది. దీనికి తెలుగులో ‘ఊరడం’ కన్నా తగిన క్రియ నాకు తోచలేదు. ‘నానడం’లో వస్తువు నీటిని పీల్చుకుని మెత్తబడుతుంది, ‘ఊరడం’లో వస్తువులోని సారం చుట్టూ ఉన్న ద్రవంలోకి దిగుతుంది, ద్రవం కూడా వస్తువులోకి ఎక్కుతుంది. ‘పులియడం’ తప్పు కాదు గాని, దానిలో పులుపు దాగి ఉన్నది. చక్కెర సారాయంగా మారడమే ఇక్కడ జరిగేది. వైన్ పుల్లబడిందని చదువరి అనుకోరాదు. కనుక మొదటిసారి ‘తొక్కలతో ఊరిన తెల్ల వైన్’ అని వివరించి, ఆ తరువాత ‘ఊరిన తెల్ల వైన్’ అని కుదించుకోవచ్చును. అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ 2020లో చేసిన నిర్వచనం కూడా ఈ దారిలోనే ఉన్నది. అది నారింజ రంగును పేరులోకి రానీయక, తొక్కలతో కనీసం ఒక నెల ఊరాలన్న నియమం పెట్టింది. బజారులో ఈ పేరుతో అమ్ముడయ్యే వైన్లలో కొన్ని రోజులే ఊరినవీ ఉన్నాయి, అది వేరే తగవు.

మీ రెండో ప్రశ్నకు తెలుగు సిద్ధంగా ఉన్నది: వగరు. ఈ మాటను చేదుతో కలపవద్దు. చేదు నాలుక గుర్తించే రుచి. వగరు నోరంతా పట్టుకునే స్థితి. ద్రాక్ష తొక్కలలో, గింజలలో ఉండే టానిన్లు లాలాజలంలోని మాంసకృత్తులను పట్టి ముద్దకట్టిస్తాయి, నోటిలోని జారుడుతనం పోతుంది, బుగ్గల లోపలి భాగం చిగుళ్లకు అంటుకున్నట్టు, నాలుక మీద గరుకు గుడ్డ పరిచినట్టు ఉంటుంది. నేరేడు పండు తిన్న నోటిని తలచుకుంటే ఇక వివరణ అక్కరలేదు. తెల్ల వైన్ రుచి చూసేవారు ఈ వగరును ఎదురుచూడరు. చల్లదనం, పులుపు, పండ్ల వాసన కోరుకుని గ్లాసు ఎత్తుతారు. ఊరిన వైన్‌లో వాసన ఎండిన జల్దారు పండునో, తేనెనో, అక్రోటునో గుర్తుచేసి తీపిని ఆశపెడుతుంది, కాని గుక్క మింగేసరికి తీపి ఉండదు, వగరు మిగులుతుంది. ఈ వాసనకూ రుచికీ మధ్య ఉన్న ఎడమే దాని అందమని నా అభిప్రాయం, అది పోయేలా అనువదిస్తే వ్యాసం చప్పబడుతుంది.

మరొక సభ్యురాలు: వివరణ బాగున్నదండీ. అయితే షడ్రసాలలో కషాయం అంటే వగరే కదా. అమరకోశం రసాలను చెప్పేటప్పుడు దానితోనే మొదలుపెడుతుంది. శాస్త్రీయ వ్యాసానికి ‘కషాయ రసం’ అనడం మరింత హుందాగా ఉండదా?

తిరుగు సమాధానం: అమ్మా, మీరు ఎత్తిన మాట ఈ వైన్‌కు నేను అనుకున్నదాని కన్నా దగ్గరగా ఉన్నది. సంస్కృతంలో ‘కషాయ’ శబ్దానికి వగరు అనే కాక, ఎరుపు కలిసిన పసుపు రంగు అనే అర్థమూ ఉన్నది. ‘కాషాయం’ దాని నుంచి పుట్టినదే. చెట్ల బెరడు మరిగిస్తే వచ్చే ద్రవంలో వగరూ రంగూ కలిసే దిగుతాయి గనుక ఒకే మాట రెండింటినీ మోసింది. ఈ వైన్‌లోనూ అంతే, వగరుకూ రంగుకూ మూలం తొక్కలలోని ఫినాలిక్ పదార్థాలే; టానిన్లు ఆ కోవలోనివే. గాలి తగిలే కొద్దీ అవి ముదురు రంగుకు తిరుగుతాయి. పదచరిత్రగా ఇది మీ వ్యాఖ్యలో చేరదగిన విషయమే.

వాడుకకు మాత్రం కుదరదు. నేటి తెలుగులో ‘కషాయం’ అనగానే జలుబుకు కాచిన మందు మనసులోకి వస్తుంది. ‘ఈ వైన్ కషాయంలా ఉన్నది’ అంటే నింద అవుతుంది. ‘కాషాయ వైన్’ అన్నామా, కాషాయం సన్యాసి వస్త్రానికి కట్టుబడిపోయింది కనుక అది పరిహాసంగా ధ్వనిస్తుంది. ‘వగరు’కు ఏ తగులాటమూ లేదు, పైగా దానిని తరతమాలుగా చెప్పవచ్చును: లేత వగరు, ముదురు వగరు, వగరు తిరిగినది, వగరు విరిగినది. చివరి రెండూ అనువాదకులకు బాగా పనికివస్తాయి. రుచి చూసే క్రమాన్ని చెప్పవలసిన చోట ఇలా రాయవచ్చును: ‘మరీ చల్లగా ఉన్నప్పుడు వగరు కటువుగా తగులుతుంది, గ్లాసులో కాసేపు ఉండి చలువ తగ్గాక వగరు విరిగి, ఎండు పండ్ల వాసన పైకి వస్తుంది.’