చెక్క పెండ్యులం గడియారం పది నిమిషాలకే ఆగిపోతోంది

ప్రశ్న:
ప్లైవుడ్‌ని లేజర్ కటింగ్ చేయించి గోడ గడియారం తయారుచేస్తున్నాను. పెండ్యులం సుమారు మీటరు, ఎస్కేప్ వీల్‌కి (పెండ్యులం ఒకసారి అటూ ఇటూ ఊగితే ఒక పన్ను జరిగే చక్రం) 30 పళ్ళు, అంటే నిమిషానికి ఒక చుట్టు. అక్కడి నుంచి నిమిషాల ముల్లు దాకా 64/8, 60/8 పళ్ళ గేర్ల జతలు. లెక్క సరిపోయింది, గడియారమే నడవట్లేదు! మూడు కేజీల బరువు కడితే కాసేపు టిక్‌టిక్‌మని ఆగిపోతోంది. బరువు పెంచనా?

పాత రిపేరువాడు:
బరువు జోలికి పోకండి. ఒరిపిడి అలాగే ఉంటుంది, పళ్ళు మాత్రం అరుగుతాయి. ముందు క్రచ్ (గేర్ల తోపుని పెండ్యులానికి అందించే పుల్ల) నుంచి తప్పించి పెండ్యులం ఒక్కదాన్నే ఊపండి. బరువైన గుండు ఉంటే అరగంటైనా ఊగాలి. ఐదు నిమిషాలకే నీరసపడితే తప్పు గేర్లది కాదు. స్టాండ్ మీద వేలు ఆనించి చూడండి, ఊపుకి అదీ కదులుతుంటే శక్తంతా అక్కడే పోతోంది.

అది బాగుంటే చెవి పెట్టి వినండి. టిక్‌కీ టక్‌కీ మధ్య వ్యవధి సమానంగా ఉండాలి. కుంటుతోందా, క్రచ్‌ని కొంచెం వంచాలి. వెనక కాగితం అతికించి, గుండుని చేత్తో మెల్లగా కుడికి, తర్వాత ఎడమకి జరపండి. టిక్ పడిన చోటల్లా పెన్సిల్ గీత పెట్టండి. ఊరికే వేలాడే చోటు నుంచి రెండు గీతలూ సమదూరంలో ఉండాలి. మా దుకాణంలో ఆగిపోయాయని తెచ్చిన గోడ గడియారాల్లో చాలావాటికి ఇదే వైద్యం.

చెక్కపని చేసేవాడు:
చెక్క పళ్ళకి నూనె మాత్రం వేయకండి, పీల్చుకుని ఉబ్బుతాయి. పెన్సిల్ గ్రాఫైట్ పొడి రాస్తే చాలు. వానాకాలంలో ప్లైవుడ్ కూడా కాస్త ఉబ్బుతుంది కాబట్టి పళ్ళ మధ్య సందు వదలాలి.

సెకన్ల పిచ్చోడు:
నడిచాక ఇంకో తలనొప్పి ఉంటుంది. మీటరు పెండ్యులంలో గుండు ఒక్క మి.మీ. కిందికి దిగితే రోజుకి సుమారు 43 సెకన్లు వెనకబడుతుంది. గుండు కింద దాన్ని పైకీ కిందికీ జరిపే నట్టుని సన్న మర ఉన్నది పెట్టండి. కడ్డీ ఉక్కుదైతే 10 డిగ్రీల వేడి పెరిగినా రోజుకి ఐదు సెకన్ల దాకా తేడా. ఈ బాధకే లండన్‌లో జార్జ్ గ్రాహమ్ 1721లో గుండు బదులు పాదరసం జాడీ పెట్టాడు. వేడికి కడ్డీ కిందికి సాగితే పాదరసం పైకి వ్యాకోచిస్తుంది. మీరు ఆ జోలికెళ్ళకుండా వార్నిష్ వేసిన చెక్క కడ్డీ వాడండి.

ప్రశ్న అడిగినవారు:
వేలు పెట్టి చూశాను, స్టాండ్ ఊగుతోంది. గోడకి బిగించాలి. డ్రిల్లింగ్‌కి ఇంటి ఓనర్ ఒప్పుకోవాలి, అదే ఇప్పుడు టెన్షన్.