కోత పండుగ పాట: చరణం దగ్గర సంఘం ఆగిపోతోంది, ఏం మార్చాలి?

ప్రశ్న (రాజాం నుంచి)
అందరికీ వందనాలు. మా చర్చిలో కోత పండుగకి సొంతంగా పాట కట్టాం. ఎఫ్ స్కేల్, ఆదితాళం. పల్లవి అందుకుంటున్నారు గాని చరణంలో ఆడవాళ్లు ఆపేస్తున్నారు, మగవాళ్లు తడబడుతున్నారు. చరణం ఇలా మొదలవుతుంది: "నేను విత్తిన విత్తనములకు / వర్షమును దయచేసితివి మీరే". బాణీ మార్చాలా, మాటలా?

జవాబు (బొబ్బిలి)
వందనాలు బ్రదర్. ముందు మాటలు. లఘువుకి 1, గురువుకి 2 చొప్పున మాత్రలు లెక్కపెట్టండి. మొదటి పాదం 14, రెండోది 16. ఆదితాళం 8 అక్షరాలు (అంటే తాళం లెక్కలు), అక్షరానికి రెండు మాత్రలు వేస్తే ఆవర్తనానికి (తాళం ఒక చుట్టుకి) 16 కావాలి. ఆ రెండు మాత్రల లోటుని ఒకరు మొదట్లో సాగదీస్తారు, ఇంకొకరు చివర్లో. తడబాటు అక్కడే. పైగా "విత్తనములకు"లో వరసగా అయిదు లఘువులు. క్వయర్ అయితే నెట్టుకొస్తుంది, సంఘం నాలిక తిరగదు.

"దయచేసితివి" అన్నాక "మీరే" కుదరదు, "నీవే" అనాలి. కోత పండుగ ఊరందరిదీ కాబట్టి "నేను" బదులు "మేము". ఇలా చూడండి:

గింజను చల్లిన చేతులు మావే
వానలు పంపిన దేవుడు నీవే

నాలుగేసి మాత్రల ముక్కలు నాలుగు, రెండు పాదాలూ 16. దరువు పడే ప్రతిచోటా గురువే ఉంది. మన వైపు మాటలు వాడండి, తప్పేం లేదు. కాకపోతే "ఉభాలు" (వరి నాట్లు) పాదం మొదట్లో పెట్టకండి: దరువు పొట్టి "ఉ" మీద పడి, "భా" పక్కకి జారిపోతుంది. "ఉడుపుల వేళా" అంటే నాలుగూ నాలుగూ సరిపోతాయి.

జవాబు (చీపురుపల్లి, కీబోర్డు)
ఆడవాళ్లు ఆగడానికి కారణం స్కేలు. ఎఫ్‌లో పై షడ్జమం (పై "స") కూడా ఎఫ్ అవుతుంది. సంఘంలో మామూలు గొంతులకి పై డి దాటితే కష్టం. లీడ్ చేసే అతను తన గొంతుకి శ్రుతి పెట్టుకుంటే వచ్చే తిప్పలివి. ట్రాన్స్‌పోజ్ మైనస్ 3 నొక్కండి, డి వస్తుంది. పై షడ్జమాన్ని చరణానికి ఒక్కసారే, అదీ "దేవా" లాంటి దీర్ఘం మీద తాకించండి. బాణీ కొత్తగా కట్టేటట్టయితే మోహన రాగం సుఖం, అయిదే స్వరాలు.

జవాబు (టెక్కలి)
రాజాం వారూ, మిగతా చరణాల్లో "నష్టమన్నది మాకు రాదు" లాంటి మాట ఉంటే తీసేయండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పోగొట్టుకున్నవాళ్లు కూడా నోరారా పాడగలగాలి కదా. హబక్కూకు 3:17, 18 చూడండి, పంట లేకపోయినా ఆనందించడం అక్కడ ఉంది. ఒక చరణం దాని మీద కట్టండి. 65వ కీర్తన చివరి వచనాలు వానకీ పంటకీ సరిపోతాయి. అందులోని "గనిమలు" మాత్రం యథాతథంగా పెట్టకండి, "గట్లు" అంటే పిల్లలకీ తెలుస్తుంది. మూడు చరణాలు చాలు. పాస్టర్ అయ్యగారికి ఒకసారి చూపించాకే నేర్పండి.

ప్రశ్న (రాజాం నుంచి)
చాలా మేలు చేశారు. కుర్రాళ్లు సినిమా బాణీలో పెడదామంటున్నారు. పర్వాలేదా?

జవాబు (బొబ్బిలి)
మాటలు మీవైనా బాణీ హక్కు వేరేవాళ్లది. మన కాపీరైట్ చట్టంలో మతపరమైన కార్యక్రమంలో పాడుకోవడానికి మినహాయింపు ఉంది గాని, రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టడం దాని కిందకి రాదు. అసలు చిక్కు వేరే. బాణీ వినగానే జనానికి సినిమా మాటలే నోటికొస్తాయి.

నేర్పేటప్పుడు కీబోర్డు, కాగితం లేకుండా అయిదారుగురికి మూడుసార్లు పాడి వినిపించండి. మూడోసారి కూడా తప్పిన మాట ఉంటే ఆ మాటనే మార్చండి, జనాన్ని తప్పుపట్టొద్దు. కాగితం మీద వేసేటప్పుడు మాటని మధ్యలో విరవకండి. రెండుసార్లు పాడేచోట ॥2॥ వేసి, చరణం చివర పల్లవి మొదటి మాట రెండు గీతల మధ్య పెట్టండి. లేకపోతే సగం మంది రెండో చరణంలోకి వెళ్లిపోతారు.